ఈ వారం టీవీలో ఏం చూద్దాం? ముందు ఆ గురువారం లెక్కేంటో తెలుసుకుందాం

మొన్న మా ఇంట్లో కొబ్బరి దింపు జరిగిన రోజు సాయంత్రం టీవీ బాగయ్యిందండి. దింపుకీ టీవీకీ ఏంటి సంబంధం అంటారా, చెప్తాను. రెండు నెలల నుంచి కూసింత గాలేసిందంటే చాలు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది, మాట మధ్యలో తెగిపోయేది, సరిగ్గా సీరియల్లో అత్తగారు నోరు తెరిచే టైముకి నీలం తెర వచ్చి సిగ్నల్ లేదని కూర్చునేది. చూడ్డానికి వచ్చినాయన బాక్స్ పోయింది, కొత్తది కొనాల్సిందే అనేసి వెళ్లిపోయాడు. కొత్తది కొనేలోపు దింపు వాళ్లొచ్చారు. డాబా పక్కన దక్షిణం వైపున్న చెట్టెక్కినాయన కాయలు దించి, ఎండు మట్టలతో పాటు డాబా మీదకి వాలిపోయిన రెండు పచ్చి మట్టలు కూడా నరికి కింద పడేశాడు. ఆ సాయంత్రం ఆరింటికి టీవీ పెడితే బొమ్మ అద్దంలా ఉంది. బాక్స్ పాతదే.

ఇందులో మాయేం లేదు. డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి సరిగ్గా పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, కాబట్టి మన గోదావరి జిల్లాల నుంచి చూస్తే అవి దక్షిణం వైపు, అదీ బాగా పైకి, నడినెత్తికి కొంచెం దిగువన ఉన్నట్టు లెక్క. డిష్ చూస్తే ఎదురింటి గోడకేసి చూస్తున్నట్టు ఉంటుంది గానీ దాని వంపే అలాంటిది, నిజానికి అది చూసేది ఆకాశంలోకే. ఆ దారిలో మట్ట ఊగిందంటే, అందులోనూ వానకి తడిసిన మట్ట, సిగ్నల్ అంతా తాగేస్తుంది. పెద్ద వానొస్తే చెట్టు లేకపోయినా బొమ్మ పోతుంది, ఎందుకంటే డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలు వాన చినుకుల్లో నీరసపడిపోతాయి. కేబుల్ ఆయన దగ్గరుండే పెద్ద గొడుగులు ఎక్కువగా సీ బ్యాండ్ అనే వేరే రకం తరంగాలవి, వాటికి వానతో ఇంత ఇబ్బంది ఉండదు, అందుకే జులైలో ముసురు పట్టినప్పుడు పక్కింటి కేబుల్లో బొమ్మ వస్తుంటే మన డిష్‌లో రాదు. కోనసీమలో డిష్ పెట్టించుకునేవాళ్లు ముందు చెట్లు చూసుకోండి, ఛానెళ్లు తర్వాత చూసుకోవచ్చు.

సరే, బొమ్మ రాగానే మా మామ్మ మంచం మీద నుంచే అడిగింది, "ఏమే అమ్మాయ్, ఈ వారం ఏవేం వస్తాయో చూసి చెప్పవే" అని. చెప్దామని కూర్చున్నాను. కానీ ఏది చెప్పబోయినా మామ్మ ఇంకో ప్రశ్న వేస్తా ఉంది. ఆదివారం మళ్లీ ఆ సినిమాయేనా, మొన్నేగా వేశారు? ఆ కొత్త పిల్లని సీరియల్లోంచి ఎందుకు పంపించేశారు? మన బాక్స్‌లో ఆ ఛానెల్ ఎందుకు పోయింది? వీటన్నిటికీ విడివిడిగా జవాబులు లేవండి, చాలావరకు అన్నీ ఒకే చోట ముడిపడి ఉన్నాయి. ఆ ముడి ప్రతి గురువారం టీవీ రేటింగులు బయటికొచ్చినప్పుడు పడుతుంది. అది విప్పి చూపించి, ఆ తర్వాత ఈ వారం ఏం చూస్తే బావుంటుందో నాకు తోచింది చెప్తాను.

టీఆర్పీ అనే మాట అందరికీ తెలుసు, అది ఎలా పుడుతుందో మాత్రం చాలామందికి తెలీదు. దేశంలో టీవీ ఎవరెంత చూస్తున్నారో లెక్కేసేది బార్క్ అనే సంస్థ. ఛానెళ్ల వాళ్లు, యాడ్స్ ఇచ్చే కంపెనీల వాళ్లు, యాడ్ ఏజెన్సీల వాళ్లు ముగ్గురూ కలిసి పెట్టుకున్నారు, 2015 నుంచి రేటింగులు ఇస్తోంది. అంతకుముందు వేరే సంస్థ లెక్కేసేది గానీ అది పట్నాల దాకానే, పల్లెలు లెక్కలోకి వచ్చింది బార్క్ వచ్చాకే. అంటే 2015 ముందు మన లంకల్లో, మన ఏటిగట్టు ఊళ్లలో జనం రాత్రంతా టీవీ చూసినా ఆ చూడ్డం ఎవరి పుస్తకంలోనూ లేదన్నమాట.

ఇప్పుడు ఎలాగంటే, కొన్ని ఇళ్లు ఎంచుకుని ఆ ఇళ్లల్లో టీవీ దగ్గర మీటర్ పెడతారు. ఛానెల్ వాళ్లు తమ సౌండ్‌లో మన చెవికి వినబడని ఓ గుర్తు కలిపి పంపిస్తారు, మీటర్ ఆ గుర్తు విని ఏ ఛానెల్ ఎన్ని నిమిషాలు నడిచిందో రాసుకుంటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్ ఉంటుంది, అమ్మ కూర్చుంటే అమ్మ బటన్, నాన్న లేచి వెళ్లిపోతే నాన్న బటన్ నొక్కాలి, అప్పుడు ఎవరు చూస్తున్నారో కూడా తెలుస్తుంది. ఏ ఇంట్లో మీటర్ ఉందనేది రహస్యం. ఆ రహస్యం బయటపడితే ఏమవుతుందనేదే 2020లో టీఆర్పీల గొడవ వచ్చినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది, మీటర్ ఉన్న ఇళ్లకి డబ్బులిచ్చి ఫలానా ఛానెల్ పెట్టి ఉంచమన్నారనే ఆరోపణలు అవి. దాని తర్వాత 2020 అక్టోబర్ నుంచి 2022 మార్చి దాకా న్యూస్ ఛానెళ్ల రేటింగులు ఆపేశారు కూడా.

ఎన్ని ఇళ్లు అంటారా. 2014లో కేంద్రం పెట్టిన రూల్ ప్రకారం 20 వేల ఇళ్లతో మొదలుపెట్టి ఏటా 10 వేలు పెంచుతూ 50 వేలకి తీసుకెళ్లాలన్నారు. 2020లో బార్క్ అంచనా ప్రకారం దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లు. 21 కోట్లని 50 వేలతో భాగిస్తే 4,200. అంటే ఉజ్జాయింపుగా మీటర్ ఉన్న ఒక్క ఇల్లు మీటర్ లేని నాలుగు వేల ఇళ్లకి సాక్ష్యం చెప్తోంది. ఇది మోసం అనుకోనక్కర్లేదు, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. కాకపోతే కుండలో అన్నీ ఒకే రకం బియ్యం అయితేనే ఆ మాట చెల్లుతుంది. ఇల్లిల్లూ చూసే పెద్ద సీరియల్‌కి ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. కొద్దిమందే చూసే ఛానెల్‌కి మాత్రం ఓ ఐదారు మీటర్ ఇళ్లల్లో జనం పెళ్లికి వెళ్లిపోయినా రేటింగ్ అటూ ఇటూ ఊగిపోతుంది. న్యూస్ ఛానెళ్లకి ఆ తర్వాత ఒక్క వారం లెక్క కాకుండా నాలుగు వారాల సగటు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది తెలిస్తే సీరియల్ చూసే కళ్లే మారిపోతాయి. రేటింగ్ అంటే ఎంతమంది చూశారు అని మాత్రమే కాదు, ఎన్ని నిమిషాలు చూశారు అని కూడా. మా వీధిలో వంద మంది ఉన్నారనుకుందాం. పదిమంది అరగంట సీరియల్ మొత్తం చూశారు, ఇంకో పదిమంది సగంలో లేచి పొయ్యి దగ్గరికి పోయారు. రేటింగ్ 20 కాదు, 15. ఆ సగం నిమిషాలు పోయినట్టే. కాబట్టి ఛానెల్‌కి కావాల్సింది మీరు రావడం ఒక్కటే కాదు, మీరు లేవకపోవడం. ఒక చెంపదెబ్బ కొడితే గదిలో ఉన్న పదకొండు మంది మొహాలూ ఒక్కొక్కటీ మూడేసి సార్లు చూపించడం, తలుపు తీయబోతున్న చెయ్యి దగ్గర బ్రేక్ వేయడం, అయిపోయాక రేపటి భాగం ముక్క చూపించడం, అన్నీ ఆ నిమిషాల కోసమే. మనం సాగదీత అంటాం గానీ వాళ్లకి అది ఆదాయం. నాకు దాని మీద కోపం లేదండి, నిజానికి ఆ నిమిషాలు నిలబెట్టడానికి రాసేవాళ్లు పడే కష్టం తెలిశాక గౌరవం పెరిగింది.

బార్క్ వారం శనివారం మొదలై శుక్రవారంతో అయిపోతుంది, ఆ లెక్క ఆ తర్వాత వచ్చే గురువారం బయటికొస్తుంది. అంటే సోమవారం రాత్రి వచ్చిన సీన్ జనానికి నచ్చిందో లేదో ఛానెల్‌కి తెలిసేది పది రోజులకి. తెలిశాక కథ మార్చాలి, కొత్తగా రాసి షూటింగ్ చేయాలి, దానికి ఇంకొన్ని రోజులు. అందుకని నేను మామ్మకి ఒక కొండగుర్తు చెప్పాను, కొత్త పాత్ర వచ్చి మూడు వారాలు దాటినా ఇంకా ఉందంటే జనం ఒప్పుకున్నట్టు, మూడో వారంలో ఉన్నట్టుండి అమెరికా వెళ్లిపోయిందంటే గురువారం లెక్క బాలేదన్నట్టు. ఇది నేను చూసి చూసి పట్టుకున్న సంగతే, ఎక్కడా రాసి లేదు. రెండు సీరియళ్ల వాళ్లు ఒకరింటికి ఒకరు వచ్చేసి గంటసేపు మహాసంగమం అని చేస్తారు చూడండి, అదీ ఇలాంటిదే, బాగా నడిచే సీరియల్ జనాన్ని తీసుకెళ్లి నీరసంగా ఉన్న సీరియల్ ముందు కూర్చోబెట్టడం.

యాడ్స్ సంగతి కూడా చెప్పేస్తాను. కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ ఉండకూడదు, అందులో 10 నిమిషాలు కంపెనీల యాడ్స్, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారం. ఆ లెక్కన అరగంట సీరియల్లో ఆరు నిమిషాలు యాడ్స్ పోను, నిన్నటి భాగం, టైటిల్ పాట, రేపటి భాగం పోను, కథ ఇరవై నిమిషాల చిల్లర. మా ఇంట్లో వాచీ పెట్టుకుని చూస్తే రాత్రి ఎనిమిది తర్వాత యాడ్స్ ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. ఏదేమైనా బ్రేక్‌లో పప్పుకి పోపు పెట్టుకు రావచ్చు, అంత టైం ఉంటుంది.

ఇక సినిమాలు. మామ్మ అడిగిన ప్రశ్న అందరిళ్లలోనూ వినబడేదే, ఆదివారం మళ్లీ అదేనా అని. ఛానెల్ ఒక సినిమా శాటిలైట్ హక్కులు కొన్నప్పుడు ఒక్కసారి వేసుకోడానికి కొనదు, కొన్నేళ్లకి కొంటుంది. డబ్బు ముందే కట్టేసింది కాబట్టి ఆ తర్వాత పదోసారి వేసినా యాభయ్యోసారి వేసినా కొత్తగా పెట్టే ఖర్చు ఏం ఉండదు, యాడ్స్ మీద వచ్చింది వచ్చినట్టే. అలాంటప్పుడు ఏ సినిమా మళ్లీ మళ్లీ పడుతుంది? ఎక్కడ నుంచి చూసినా అర్థమయ్యే సినిమా. అన్నం తింటా మధ్యలో వచ్చి కూర్చున్నా, కథ తెలుసుకోనక్కర్లేకుండా ఆ సీన్ ఆ సీన్‌కే నవ్వొచ్చే సినిమా. థియేటర్లో చూసే తీరు వేరు, ఇంట్లో చూసే తీరు వేరు, అందుకే 2010లో థియేటర్లలో నిలబడని ఖలేజా టీవీలో ఇంటింటి సినిమా అయిపోయి 2025లో మళ్లీ థియేటర్లకొచ్చింది. బిగువైన సస్పెన్స్ సినిమాలు టీవీలో తక్కువ కనబడేది కూడా ఇందుకే అనుకుంటాను, మొదటి పావుగంట పోతే ఇంక అవి అర్థం కావు.

కొత్త సినిమా మొదటిసారి టీవీలో పడే రోజు ఒకప్పుడు పండగలా ఉండేది. 2020 ఆగస్టులో జెమినీలో అల వైకుంఠపురములో వేసినప్పుడు 29.4 రేటింగ్ వచ్చింది, తెలుగులో అంతటి అంకె తర్వాత ఏ పెద్ద హీరో సినిమాకీ రాలేదు. ఓటీటీ వచ్చాక టీవీ ప్రీమియర్లు పడిపోయాయని అందరం అనేస్తాం, అది చాలావరకు నిజమే గానీ మొత్తం నిజం కాదు, ఎందుకంటే ఆ సినిమా టీవీలో పడేటప్పటికే ఓటీటీలో ఉంది. అప్పుడు థియేటర్లు మూసేసి ఉన్నాయి, జనం ఇళ్లల్లో ఉన్నారు, పల్లెల్లో ఓటీటీ అలవాటు ఇంకా ఇంతగా లేదు. 2025 మార్చి 1న జీ తెలుగు వాళ్లు ఇంకో దారి పట్టారు, సంక్రాంతికి వస్తున్నాం సినిమాని టీవీలో, ఓటీటీలో ఒకే సాయంత్రం వదిలారు, రేటింగ్ 15 దాటింది. జనం టీవీ మానేయలేదండి, నెల ముందే ఫోన్లో చూసేసిన సినిమాని మళ్లీ యాడ్స్‌తో చూడ్డం మానేశారు.

ఒక్కోసారి థియేటర్లో చూసిన సీన్ టీవీలో ఉండదు. పెద్దలకి మాత్రమే అని "ఏ" (A) సర్టిఫికెట్ వచ్చిన సినిమాని అలాగే టీవీలో వేయకూడదు, కత్తిరించి మళ్లీ సెన్సార్ దగ్గరికి తీసుకెళ్లి యూ లేదా యూఏ తెచ్చుకోవాలి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే ఇళ్లకి ఇది మంచిదే.

మన బాక్స్‌లో ఛానెల్ ఎందుకు పోయిందనేది వేరే ముడి. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్, అంటే ఫోన్లకీ టీవీ కనెక్షన్లకీ రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, కొత్త పద్ధతి పెట్టింది, ప్రతి ఛానెల్‌కీ ఒక రేటు, మీకు కావాల్సినవి మీరు ఎంచుకోవచ్చు, వాటికి తోడు కనెక్షన్ ఉన్నందుకు నెలకి 130 రూపాయల దాకా ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. మొదట ఆ ఫీజుకి 100 ఛానెళ్లు, తర్వాత 200 చేశారు. 2024 జులైలో ఆ 130 పరిమితి కూడా తీసేశారు, ఇప్పుడు ఎవరి ఫీజు వాళ్లే పెట్టుకోవచ్చు. ఇక ప్యాక్‌లో కలపాలంటే ఆ ఛానెల్ విడి రేటు 19 రూపాయలకి మించకూడదని రూల్ ఉంది, అందుకే పెద్ద ఛానెళ్లు ఆ 19 దగ్గరే గుమిగూడి ఉంటాయి. ఛానెల్ వాళ్లకీ కేబుల్ వాళ్లకీ రేటు దగ్గర బేరం తెగకపోతేనో, ప్యాక్ మారినప్పుడు మన ఛానెల్ పక్క ప్యాక్‌లోకి పోతేనో తెర మీద నుంచి మాయమైపోతుంది.

మాకు అదే జరిగింది. ప్యాక్ మార్చామని మాకెవరూ చెప్పలేదు, మామ్మ చూసే ఛానెల్ పోయింది, మేం ఎప్పుడూ చూడని ఆరేడు ఛానెళ్లు వచ్చి చేరాయి, బిల్లు మాత్రం పెరిగింది. అడిగితే ఇంకా పెద్ద ప్యాక్ వేసుకోమన్నారు. అప్పుడు మా బాబాయి ఒక కాగితం మీద మా ఇంట్లో నిజంగా చూసే ఛానెళ్లు రాశాడు, ఎంత లెక్కేసినా ఎనిమిదికి మించలేదు. ఛానెళ్లు విడిగా ఇవ్వాల్సిందే అని రూల్ ఉంది కదా, ఆ ఎనిమిదీ విడిగా ఇవ్వండి అని అడిగాడు. ఇచ్చారు. అన్ని ఇళ్లకీ విడిగానే చవక అని చెప్పను, నాలుగు పెద్ద ఛానెళ్లూ వాటి సినిమా ఛానెళ్లూ అన్నీ కావాలంటే ప్యాకే నయం. కానీ ఒక్కసారి కాగితం మీద రాసుకుని చూడండి.

ఈ తీగల సంగతిలో మన కోనసీమకి ఒక పేరుంది, చాలామందికి తెలీదు. టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఒకే ఫైబర్ తీగ మీద ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్‌ని 2016 డిసెంబర్లో ఇంటింటికీ ఇచ్చి చూపించింది సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామంలోనే. నెలకి 149 రూపాయల ప్లాన్‌తో మొదలైంది. ఆ తీగకి మట్టలతో, వానతో పేచీ లేదు, గాలివానకి స్తంభం పడిపోతే మాత్రం చెప్పలేం.

న్యూస్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. రోజూ న్యూస్ ఛానెల్ పెట్టి ఉంచడం ఇంటికి మంచిది కాదనుకుంటాను, ఆ అరుపులకి మామ్మకి బీపీ పెరుగుతుంది. కానీ జులై, ఆగస్టుల్లో కింద తిరిగే ఆ చిన్న అక్షరాలు మా ఊళ్లో ప్రాణం. పెద్దవాళ్లు ముందు భద్రాచలం అంకె చూస్తారు, అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లే కిందకి దిగి మన ధవళేశ్వరం బ్యారేజీకి చేరతాయి, ఇక్కడ అంకెలు వేరు, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో 53 అంటే భయం, ధవళేశ్వరంలో 17 అంటే కూడా భయమే, రెండూ వేరువేరు కొలతలు, పక్క జిల్లాల చుట్టాలు ఫోన్ చేసి "మీకు పదిహేడేగా" అనేది ఇందుకే. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు మేం రెండు రాత్రులు టీవీ ఆపలేదు. అప్పుడు నేర్చుకున్నది ఒకటే, అంకెతో పాటు అది ఏ టైముదో చూడాలి. నిన్న రాత్రి అంకె పొద్దున్న దాకా తిప్పుతూనే ఉంటారు కొందరు. టైం లేకపోతే ఆ అంకె నమ్మకుండా రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ చెప్పేది చూసుకోండి.

ఇప్పుడు ఈ వారం సంగతి.

పొద్దున్నే లేచేవాళ్లకి ఈటీవీలో అన్నదాత. కొబ్బరి, అరటి, చేపల చెరువులు ఉన్న ఇళ్లల్లో మగవాళ్లు టీ గ్లాసు పట్టుకుని చూసేది ఇదే, మా బాబాయి అయితే నచ్చింది వచ్చినప్పుడు పాత క్యాలెండర్ వెనకాల రాసుకుంటాడు. మధ్యాహ్నం పన్నెండుకి ఎస్వీబీసీలో తిరుమల నుంచి కల్యాణోత్సవం లైవ్, 2008లో ఆ ఛానెల్ వచ్చినప్పటి నుంచి మామ్మకి గడియారం అదే, కల్యాణం మొదలైతే పప్పు పొయ్యి మీద పెట్టాలని లెక్క. సాయంత్రం అయిదున్నరకి సహస్ర దీపాలంకరణ సేవ కూడా ఒక్కసారి చూడండి, ఆ టైములో పెద్ద ఛానెళ్లలో ఏమీ ఉండదు, ఉయ్యాల ఊగే దేవుణ్ణి చూస్తా ఓ పావుగంట కూర్చుంటే ఆ తర్వాత సీరియళ్లలో ఏం జరిగినా తట్టుకోగలం.

సీరియళ్లు అన్నీ రోజూ చూడక్కర్లేదు. నేను చేసేది చెప్తాను, ఒక్క సీరియల్ ఎంచుకుంటాను, దాన్ని సోమవారం, గురువారం, శనివారం చూస్తాను. మధ్యలో రోజులు పోయినా నిన్నటి భాగం ముక్కలోనే కథ దొరికిపోతుంది. మ్యాచ్ ఉన్న రాత్రయితే గొడవ పెట్టుకోకండి, ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకే మొదలవుతుంది, సీరియల్ మర్నాడు పొద్దున్న మళ్లీ వేస్తారు, మ్యాచ్ మళ్లీ వేసినా ఎవరూ చూడరు. కాబట్టి ఆ రాత్రి తమ్ముళ్లకి ఇచ్చేయండి, తెలుగు కామెంటరీ పెట్టించుకోండి, అప్పుడు ఆట తెలియని పిన్నిలూ అత్తలూ కూడా కూర్చుంటారు. మా ఇంట్లో యార్కర్ అంటే ఏంటో మా పిన్నికి తెలిసింది తెలుగు కామెంటరీ వల్లే, ఇప్పుడు ఆవిడే ముందు అరుస్తుంది.

పాడుతా తీయగా సీజన్ నడుస్తుంటే మాత్రం దాన్ని వదలకండి. 1996లో మొదలైన కార్యక్రమం, 2020లో బాలు గారు పోయాక ఇంక ఉండదనుకున్నాం, వాళ్లబ్బాయి చరణ్ గారు అందుకున్నారు. పోటీ పాటల ప్రోగ్రాములు బోల్డు ఉన్నాయి, కానీ పాడిన పిల్లకి నీ "ళ" సరిగ్గా పలకలేదమ్మా అని నెమ్మదిగా చెప్పే చోటు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. పిల్లలున్న ఇళ్లల్లో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి, ఏం చెప్పక్కర్లేదు, వాళ్లే వింటారు.

శుక్ర, శని రాత్రులు తొమ్మిదిన్నర దాటాక కామెడీ. జబర్దస్త్ 2013 నుంచి నడుస్తోంది, అన్ని స్కిట్లూ బావుంటాయని చెప్పను, కొన్ని మాటలు మామ్మ ముందు వినలేం, కానీ పల్లెటూళ్ల నుంచి వెళ్లిన కుర్రాళ్లు తమ యాసలో, తమ ఇళ్లల్లో జరిగేదే చేసి నవ్వించినప్పుడు అది మనదిలా ఉంటుంది. ఒకటి బాలేకపోతే రిమోట్ నొక్కేయండి, ఆ నిమిషాలు లెక్కలోకి వెళ్తాయని ఇందాక చెప్పుకున్నాం కదా. మీ ఇంట్లో మీటర్ లేకపోయినా, మీలాంటి ఇంట్లో ఎక్కడో ఉంటుంది.

ఆదివారం పొద్దున్న పొట్టిక్కలు తినేసి టీవీ జోలికి వెళ్లకండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టండి. ఆరింటి సినిమా ఏదో ప్రోమోల్లో శుక్రవారమే తెలిసిపోతుంది. అది మీరు ఫోన్లో చూసేసిందైతే ఆ రెండున్నర గంటలూ అరుగు మీద కూర్చోండి, ఇంట్లో ఎవరైనా చూడనివాళ్లుంటే మాత్రం పక్కన ఉండండి, రాబోయేది ముందే చెప్పకుండా. పాత సినిమా పడితే నేనైతే తప్పకుండా చూస్తాను, అందరికీ డైలాగులు వచ్చిన సినిమా ఇంటిల్లిపాదీ చూస్తుంటే ఒకళ్లు మొదలుపెట్టిన మాట ఇంకొకళ్లు పూర్తి చేస్తారు, మామ్మ కూడా.

ఇదంతా రాసి మామ్మకి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నది, 4,200 ఇళ్ల దగ్గర "అయితే మనకోసం ఎవత్తో బటన్ నొక్కుతోందన్నమాట, మంచిదే పాపం" అంది. చివర్లో కళ్లజోడు తీసి, "అన్నీ బానే చెప్పావు గానీ, సోమవారం ఏడున్నరకి ఆ పిల్ల వాళ్లాయనకి నిజం చెప్తుందా చెప్పదా, అది చెప్పు" అంది. గురువారం లెక్క చూసి చెప్పాను, ఇంకో రెండు వారాలు చెప్పదు మామ్మా అని.